క్రోధి నామ సంవత్సరం: పూర్వపక్షులకు ఒక తర్పణం

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయ వ్యయాలను, రాజపూజ్య అవమానాలను లెక్కించుకోవడం మన ఆచారం. 2024 ఏప్రిల్ 9న ప్రవేశించి 2025 మార్చి 29న నిష్క్రమించిన క్రోధి నామ సంవత్సరానికి నేను మరొక లెక్క కూడా వేసుకున్నాను. విశ్వవిద్యాలయాలలో తత్త్వశాస్త్రమనే పేరుతో సాగుతున్న విద్యకు ఈ సంవత్సరం ఆదాయమెంత, వ్యయమెంత? ఈ ప్రశ్న భక్తులకు, ముముక్షువులకు అప్రస్తుతంగా తోచవచ్చు. అప్రస్తుతం కాదని, ఆ విద్యలో కలిగిన లోటు మన ఉపాసనలోనూ లోటేనని నివేదించడానికే ఈ వ్యాసం.

నేను జగిత్యాల వాసిని. కళాశాలలో సంస్కృతాంధ్రాలు బోధించి విశ్రాంతి పొందినవాడిని. నేను పనిచేసినన్నాళ్లూ అక్కడ తత్త్వశాస్త్రం పాఠ్యాంశంగా లేదు. ఆ తృష్ణను తీర్చుకోవడానికే కొన్నేళ్లుగా ప్రతి శనివారం కోరుట్లకు వెళ్తున్నాను. అక్కడ ఒక మిత్రుని ఇంటి ముందుగదిలో పదిహేనుమందిమి కూర్చుని బ్రహ్మసూత్ర శాంకరభాష్యాన్ని పంక్తి పంక్తిగా పఠిస్తాము. మాలో విశ్రాంత ఉపాధ్యాయులు, ఇద్దరు వ్యాపారులు, పసుపు పండించే రైతు ఒకరు, గృహిణులు ముగ్గురు ఉన్నారు. పాండిత్యం తక్కువే గాని శ్రద్ధకు కొదవ లేదు.

క్రోధి ప్రవేశించేనాటికి మా పాఠం తృతీయాధ్యాయం తృతీయ పాదంలో దేహాత్మవాద ప్రసక్తి వద్ద ఉంది. దేహం ఉన్నప్పుడే చైతన్యం కనిపిస్తుంది, దేహం లేనిచోట కనిపించదు. కనుక అగ్నికి ఉష్ణత్వం ఎటువంటిదో దేహానికి చైతన్యం అటువంటి ధర్మమేనని లోకాయతికుని వాదం. శంకరులు ఆ వాదాన్ని నాలుగు మాటలలో తోసివేయలేదు. ముందు దానికి ఇవ్వవలసిన బలమంతా ఇచ్చారు.

శ్రీరామనవమి ఏప్రిల్ 17న వచ్చింది. రెండు రోజుల తరువాత, ఏకాదశి నాడు, అమెరికాలో డేనియల్ డెనెట్ దేహాన్ని చాలించారు. ఆయన వయస్సు 82. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు బోధించి, 1991లో చైతన్యాన్ని వివరించే బృహద్గ్రంథం ప్రకటించిన తత్త్వవేత్త ఆయన. ఈశ్వరుడు లేడని బాహాటంగా చెప్పినవాడు. ఆ వారపు పాఠంలో నేను ఆయన పేరు చెప్పి, ఆయన వాదాన్ని సంగ్రహంగా వివరించి, ఈయన మన కాలపు లోకాయతికుడని, పూర్వపక్షం వినిపించిన వ్యక్తికి సిద్ధాంతి నమస్కరించడం ధర్మమని అన్నాను.

మా మండలిలో అందరికంటె పెద్దలైన ఒకరు వెంటనే అభ్యంతరం చెప్పారు. "పంతులుగారూ, సత్సంగంలో నాస్తికునికి సంతాపమా? రామనవమి పందిరి ఇంకా విప్పలేదు. చచ్చేదాక దేవుడు లేడన్నవానికి మనం దండం పెట్టుడేంది?" అన్నారు. నేను సమాధానం చెప్పబోయేలోపే పుస్తకం మూసి లేచి వెళ్లిపోయారు. తరువాతి శనివారం ఆయన రాలేదు. ఆయనతో పాటు మరిద్దరూ రావడం మానుకున్నారు. పదిహేనుమంది పన్నెండుమంది అయ్యాము. చిన్న మండలికి అది చిన్న నష్టం కాదు. ఆ పెద్దల మాటలో ద్వేషం లేదు, ఇష్టదైవం మీది ప్రేమ మాత్రమే ఉంది. అందుచేత ఆయన ప్రశ్నకు నిజమైన సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత నాపై పడింది.

మన శాస్త్రకారులు ప్రతి అధికరణానికీ అయిదు అంగాలను చెప్పారు: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. సిద్ధాంతానిది నాలుగవ స్థానం. సంశయాన్ని, పూర్వపక్షాన్ని దాటకుండా సిద్ధాంతాన్ని చేరే మార్గం ఈ శాస్త్రంలో లేదు. పూర్వపక్షిని లోనికి రానివ్వని సత్సంగంలో సిద్ధాంతం ఉండదు, సిద్ధాంత వాక్యాల వల్లింపు మాత్రమే ఉంటుంది. రెండింటి ధ్వని ఒకటే కావడం వలన భేదం పైకి తెలియదు. సంకటం వచ్చినప్పుడు, పుత్రశోకమో వ్యాధియో తలుపు తట్టినప్పుడు, తెలుస్తుంది.

డెనెట్ వాదాన్నే తీసుకుందాము. మనలో చాలామందికి ఆత్మ అనగానే ఒక చిత్రం మనసులో మెదలుతుంది. శిరస్సులోనో హృదయంలోనో ఒక చిన్న ద్రష్ట కూర్చుని, ఇంద్రియాలు తెచ్చి చూపే దృశ్యాలను రంగస్థలం ముందరి ప్రేక్షకుని వలె చూస్తున్నట్లు ఊహిస్తాము. అటువంటి రంగస్థలం మెదడులో ఎక్కడా లేదని, అటువంటి ప్రేక్షకుడూ లేడని, అనేక వ్యాపారాలు ఏకకాలంలో సాగుతూ ఒక ద్రష్ట ఉన్న భావాన్ని కల్పిస్తాయని డెనెట్ ప్రతిపాదించారు. భక్తుడు దీనిని విని భయపడతాడు. భయం వలన కోపగిస్తాడు.

నిదానంగా చూస్తే, ఆ చిన్న ప్రేక్షకుని మన ఆచార్యులు మాత్రం అంగీకరించారా? 'నేను చూస్తున్నాను, నేను వింటున్నాను' అని గర్వించే ఆ కర్తను వారు అహంకారమన్నారు, అధ్యాసమన్నారు. చూడబడగలిగినది ఏదైనా దృశ్యమే గాని ద్రష్ట కాదన్నారు. ఎంత నేర్పరియైన నటుడైనా తన భుజాలపైకి తానెక్కలేనట్లు, చైతన్యం తనకు విషయమైన భూతాలకు ధర్మం కాజాలదని శంకరులు ఈ సందర్భంలోనే సమాధానం చెప్పారు. దీపం ఉన్నప్పుడే రూపం కనిపించినంత మాత్రాన దర్శనం దీపానికి ధర్మం కాదు. దేహమూ అటువంటి ఉపకరణమేనన్నారు. అనగా డెనెట్ ఖండించిన ప్రేక్షకుని మనమూ ఖండించవలసినదే. ఆ ఖండన తరువాత ఏమి మిగులుతుంది? ఏమీ మిగలదని ఆయన అంటారు. ఏమీ మిగలలేదన్న ఎరుక మిగిలిందని మనమంటాము. వివాదం నిజంగా అక్కడ ప్రారంభమవుతుంది. అక్కడిదాకా మనలను తీసుకొనివెళ్లినది ఆ నాస్తికుడే. మన సాక్షి భావనకు అంటిన మలినాన్ని కడిగినవానికి ఒక నమస్కారం చేస్తే రామునికి లోటేమిటి?

జ్యేష్ఠమాసంలో ఇదే ప్రశ్న నన్ను సిరిసిల్లకు తీసుకువెళ్లింది. మా మండలి పాఠాలను అప్పుడప్పుడు వచ్చి వినే ఒక యువకుడు డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాదులో తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతానని పట్టుబట్టాడు. వాని తండ్రి సాంచాలు నడిపే ఆసామి. ఆ సంవత్సరం సిరిసిల్లలో పని సన్నగిల్లింది. ఎప్పుడూ వీధి మొదటనే చెవులు హోరెత్తించే సాంచాల చప్పుడు ఆనాడు సగం ఇళ్లలోనే వినిపించింది. ఆయన నన్ను గౌరవంగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సూటిగా అడిగారు.

"సారూ, మీరు పెద్దోళ్లు. ఇది చదివినంక పోరడు ఏం జేస్తడు? నౌకరి ఒస్తదా?"

వస్తుందని అబద్ధం చెప్పలేదు. రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా ఆలస్యమవుతుందన్నాను. ఇందులో చదివేదేమిటో చెప్పమన్నారు. ఎదురుగా ఉన్న మగ్గాన్నే ఉదాహరణగా తీసుకున్నాను. తంతువులకు, పటానికి గల సంబంధం మన దర్శనాలన్నింటికీ సాధారణమైన దృష్టాంతం. బ్రహ్మసూత్రాలలోనూ కార్యకారణ విచారంలో పటం దృష్టాంతంగా వస్తుంది. "పడుగు పేకలు తప్ప బట్ట అని వేరే వస్తువు లేదని మా వేదాంతం చెబుతుంది. నూలే బట్టగా కనిపిస్తున్నది" అన్నాను.

ఆయన ఒక నిమిషం ఆలోచించి, "గట్లెట్ల సారూ? నూలు కిలోల లెక్కన కొంటం. బట్ట మీటర్ల లెక్కన అమ్ముతం. రెండూ ఒక్కటే అయితే లెక్క రెండు తీర్లు ఎందుకుంటది? నూలు కండె మీద చుట్టుకొని పెండ్లికి పోతమా?" అన్నారు.

నేను నిరుత్తరుడనయ్యాను. పటం తంతువుల కంటె భిన్నమైన ద్రవ్యమని, దాని పరిమాణం వేరు, ప్రయోజనం వేరు, వ్యవహారం వేరు అని నైయాయికులు అసత్కార్యవాదాన్ని సమర్థించే యుక్తులే అవి. న్యాయశాస్త్రంలో ఒక్క పంక్తి చదవని ఆ నేతగాడు వాటిని తన దుకాణపు లెక్కలోనుండి తీశాడు. వేదాంతి సమాధానం వేదాంతికి ఉంది: వ్యవహారం వేరైనంత మాత్రాన వస్తువు వేరు కాదు, ముడుచుకున్న వస్త్రం, పరచిన వస్త్రం ఒకటే కదా. ఆ సమాధానమూ చెప్పాను. ఆయన సంపూర్ణంగా అంగీకరించలేదు. మా సంభాషణ ఆ సాయంత్రం రెండు గంటలు సాగింది. కుమారుడు మాట్లాడకుండా విన్నాడు. చివరకు ఆ తండ్రి, "మేం దినాం చేసే పనిల ఇంత ఉన్నదని ఎవలూ చెప్పలే" అని, "పో రా, రెండేండ్లు చూద్దాం. పైసలు మాత్రం నాతోని కావు" అన్నారు.

డబ్బు సంగతి కోరుట్లలో చర్చకు పెట్టాను. ఉత్సవనిధి నుండి తీయడానికి కొందరు సమ్మతించలేదు. వారి పక్షంలోనూ న్యాయం ఉంది. దైవకార్యానికి ఇచ్చిన ద్రవ్యం దైవకార్యానికే చెందాలి. కాని మనుష్యుడు పుట్టుకతోనే మూడు ఋణాలతో పుడతాడని, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, ఋషిఋణం స్వాధ్యాయంతో తీరుతాయని పెద్దల మాట. మొదటి రెండింటికీ మన ఊళ్లలో పందిళ్లు, పిండప్రదానాలు ఉన్నాయి. మూడవదానికి నెలకు ఎంత వ్యయం చేస్తున్నామని మాత్రమే అడిగాను. ఎనిమిదిమంది స్వంతంగా నెలకు కొంత ఇవ్వడానికి ముందుకొచ్చారు. దానితో వాని భోజనశాల ఖర్చు గడుస్తున్నది.

ఆగస్టు 1 నుండి 8 వరకు రోమ్ నగరంలో ఇరవై అయిదవ విశ్వ తత్త్వశాస్త్ర మహాసభ జరిగింది. లోకంలోని అన్ని ఖండాల నుండి తత్త్వవేత్తలు ఒకచోట చేరే సభ అది. దీనిని ఆదాయపు పద్దులో వ్రాసుకున్నాను. మనకు మరింత సన్నిహితమైన సందర్భాలు భాద్రపదంలో వచ్చాయి. సెప్టెంబరు 17న, అనంత చతుర్దశి నాడు, మన ఊళ్లన్నీ గణేశ నిమజ్జనంలో మునిగి ఉండగా, ఆచార్య దయాకృష్ణ జన్మించి నూరేళ్లు నిండాయి. సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 25న, మహాలయ పక్షంలో, ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తి జన్మించి నూరేళ్లు నిండాయి. ఇద్దరూ 1924వ సంవత్సరంలో ఎనిమిది రోజుల వ్యవధిలో జన్మించారు. ఒకరు మీరట్‌లో పుట్టి జయపురంలో బోధించారు. మరొకరు గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బోధించారు.

సచ్చిదానందమూర్తిగారు అద్వైతంలో శ్రుతికి, యుక్తికి గల సంబంధాన్ని పరీక్షిస్తూ 1959లో ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించారు. శంకరులను శ్లాఘించడంతో ఆగక ప్రశ్నించిన గ్రంథమది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై, విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి ఉపాధ్యక్షులై, 2001లో పద్మవిభూషణ పురస్కారం పొంది, 2011 జనవరి 24న కీర్తిశేషులైనారు. తెలుగు గ్రామసీమ నుండి వెళ్లి లోకపు తత్త్వసభలలో మన దర్శనాలను వినిపించిన మహనీయుని శతజయంతి మా మూడు పట్టణాలలో ఎవరి చెవినీ సోకకుండా గడచిపోయింది. దీనిని వ్యయపు పద్దులో వ్రాసుకున్నాను.

దయాకృష్ణగారు మరింత నిష్ఠురమైన ప్రశ్నకులు. భారతీయ తత్త్వమంతా ఆధ్యాత్మికమేనని, మోక్షమే దాని ఏకైక గమ్యమని లోకం నమ్మే మాటను ఒక అపోహగా వర్ణించినవారు ఆయన. భక్తునికి ఇది కర్ణకఠోరం. కాని ఆయన చేసిన మరొక పనిని చూడండి. 1983లో పుణెలో ఆయన, ఆయన సహచరులు కలిసి న్యాయశాస్త్ర పండితులను, ఆంగ్ల విద్యావంతులైన తత్త్వాచార్యులను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. బెర్ట్రండ్ రసెల్ ప్రతిపాదించిన వాక్యార్థ విచారాన్ని సంస్కృతంలోకి తెచ్చి, మీరేమంటారని పండితులను అడిగారు. పండితులను పూజావస్తువులుగా కాక సమకాలిక చింతకులుగా గౌరవించారు. రెండేళ్ల తరువాత, 1985లో సారనాథ్‌లో, కాశీకి చెందిన మహానైయాయికులు బదరీనాథ శుక్లగారు ఒక అద్భుతం చేశారు. ఆత్మను ప్రత్యేక ద్రవ్యంగా స్వీకరించే న్యాయదర్శనంలోనే నిలబడి, దేహమే ఆత్మ అన్న పక్షాన్ని ఎంతవరకు సమర్థించవచ్చునో వాదించి చూపారు. ఆయన నాస్తికుడు కాదు. తన దర్శనపు దృఢత్వం మీద అంత నమ్మకం ఉన్నందువల్లనే దానిని కదిలించి చూడగలిగారు.

దయాకృష్ణగారు 2007 అక్టోబరు 5న వెళ్లిపోయారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర శాఖకు పునాది వేసిన రామచంద్ర గాంధీగారు అదే సంవత్సరం జూన్ 13న వెళ్లిపోయారు. కలకత్తాలో పండితుల పాదాల చెంత నవ్యన్యాయం అభ్యసించి, జర్మనీలో హుస్సర్ల్ తత్త్వాన్ని మథించి, రెండింటికీ వారధి కట్టిన జితేంద్రనాథ మహాంతిగారు క్రోధికి ఏడాది ముందే, 2023 మార్చి 7న, పరమపదించారు. రెండు తీరాలూ తెలిసిన తరం ఇలా క్రమంగా అస్తమిస్తున్నది.

ఆ మహాలయ పక్షంలో, కోరుట్ల పాఠానికి ముందు, వీరి పేర్లు చదివాను. ఇది మనకు పరాయి సంప్రదాయం కాదని కూడా గుర్తు చేశాను. మనకు ఆరాధ్యమైన వేములవాడ క్షేత్రం వెయ్యేళ్ల క్రితం చాళుక్య సామంతుల రాజధాని. వారి ఆశ్రయంలో ఉన్న జైనాచార్యుడు సోమదేవసూరి క్రీ.శ. 959లో యశస్తిలక చంపువును పూర్తిచేశాడు. అందులో తన కాలపు దర్శనాల మతాలను వరుసగా ప్రస్తావించి విమర్శించాడు. ఈ నేలపై శివుని కొలిచే రాజన్న గుడి, శివుని అంగీకరించని జైనుని ఘంటం పక్కపక్కనే ఉన్నాయి. అందువల్ల రాజన్నకు భక్తులు తగ్గలేదు.

అక్టోబరులో భౌతికశాస్త్ర నోబెల్ పురస్కారం కృత్రిమ మేధకు పునాదులు వేసిన హాప్‌ఫీల్డ్, హింటన్ అనే ఇద్దరికి లభించింది. మా మండలిలోని ఒక సోదరి తన ఫోనులో యంత్రాన్ని అడిగి క్షణంలో దేహాత్మవాద పూర్వపక్షాన్ని, దాని ఖండననూ తెచ్చి చూపింది. బాగానే ఉన్నాయి. "ఇక పండితులెందుకు?" అని ఆమె నవ్వుతూ అడిగింది. అధికరణంలో రెండవ అంగాన్ని చూడమన్నాను. పూర్వపక్షానికి ముందు సంశయముంది. యంత్రానికి సంశయం కలుగుతుందో లేదో తత్త్వవేత్తలు వాదించుకుంటూనే ఉంటారు. కాని నాకు కలిగిన సంశయాన్ని నా బదులు మరొకరు తీర్చుకోలేరు. ఆకలి నాదైనప్పుడు భోజనమూ నేనే చేయాలి.

కార్తికంలో, పౌర్ణమి దాటిన తరువాతి శనివారం, ఏప్రిల్‌లో లేచి వెళ్లిన పెద్దలు తిరిగి వచ్చారు. చేతిలో వంద పుటల నోటుపుస్తకం ఉంది. కుశలప్రశ్నలకు కూడా ఆగకుండా, "మీ దయాకృష్ణ తప్పు చెప్పిండు. మోక్షం గమ్యం కాకపోతే సూత్రం మొదట్లనే జిజ్ఞాస మాట ఎందుకు పెట్టినట్టు? వినుండ్రి" అని మొదలుపెట్టారు. తన మనుమని చేత ఆ వ్యాసాన్ని చదివించుకుని, అర్థం చెప్పించుకుని, నెలల తరబడి ఖండన వ్రాసుకున్నారట. ఆ నోటులో పదకొండు ఆక్షేపాలున్నాయి. నాలుగు బలమైనవి. రెండింటికి దయాకృష్ణగారి పక్షాన సమాధానం చెప్పడానికి నేను నేటికీ తడుముకుంటున్నాను. ఆయన నాస్తికులకు ఇప్పటికీ నమస్కరించరు. ఆ అవసరమూ లేదు. ప్రత్యర్థి మాటను ఇంత శ్రద్ధతో విన్నవాడు చేయవలసిన సత్కారం చేసినట్లే. వెళ్లిన మిగిలిన ఇద్దరు మాత్రం రాలేదు.

సంక్రాంతికి సిరిసిల్ల యువకుడు ఇంటికి వచ్చినప్పుడు జగిత్యాలకు వచ్చి నన్ను చూశాడు. చదువు కష్టంగా ఉందన్నాడు. ఆంగ్లంలో వెనుకబడుతున్నాడు. తరగతిలో సంస్కృతం తెలిసినవారు అరుదు, సంస్కృతం తెలిసినవారిలో ఆ తరగతికి వచ్చేవారు మరీ అరుదు అన్నాడు. రెండేళ్ల తరువాత ఏమవుతుందో వానికీ తెలియదు, నాకూ తెలియదు. తండ్రి వేసిన కిలోల మీటర్ల ప్రశ్నను మాత్రం మరచిపోలేదు. ఉద్యోతకరుని దగ్గర దానికి సమీపమైన చర్చ ఉందేమోనని వెతుకుతున్నాడు.

ఇక లెక్క ముగిస్తాను. వ్యయం పెద్దది. వెళ్లిపోయిన మహామేధావుల స్థానాలు భర్తీ అయ్యేవి కావు. ఆదాయం స్వల్పం: ఒక విద్యార్థి, ఒక నోటుపుస్తకం, ఒక నేతగాని ప్రశ్న. కాని ఋషిఋణం తీర్చే క్రమంలో ఆదాయం ఎప్పుడూ ఇంత చిన్న నాణేలలోనే వస్తుంది.

పాఠక మహాశయులకు ఒక విన్నపం. మీ ఊరిలో గీతాపారాయణ మండలియో, ఉపనిషత్పాఠమో సాగుతూ ఉంటే, నెలకొక్కసారి ఒకరిని పూర్వపక్షి స్థానంలో కూర్చోబెట్టండి. ఆ ఒక్క గంట ఆయన మన ఇష్టసిద్ధాంతాన్ని తన శక్తికొద్దీ కాదనాలి. మనం కోపగించకుండా వినాలి. తత్త్వశాస్త్రం చదువుతానన్న పిల్లవాడు మీ వీధిలో ఉంటే ఏమి లాభమని అడగండి, అది తండ్రుల ధర్మం. కాని అడిగిన తరువాత వాని సమాధానం పూర్తయ్యేవరకు కూర్చోండి. విశ్వవిద్యాలయాలలో ఆ విద్య క్షీణించినా, వర్ధిల్లినా, దానికి మూలమైన సంశయాన్ని సజీవంగా నిలపవలసినది మన వంటి సామాన్య సాధకులే. సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.